రెండు అనుమతులు

పుంగనూరు పోలీసు స్టేషన్లో రైటరు కృపాదానం. ఆర్డరు లేని కాగితాన్ని ఏనాడూ గడప దాటించలేదు. 1946 జూన్‌లో బట్టల వ్యాపారి బైరప్ప తన కొట్లో పన్నెండు గుడ్డ బేళ్లు పోయాయని ఫిర్యాదు ఇచ్చాడు. ఎస్సై కొట్టు కాపలాదారు మల్లప్పను లాకప్పులో వేశాడు. రెండు రోజులు కొట్టినా మల్లప్ప ఒప్పుకోలేదు.

మూడో రోజు మదనపల్లె నుంచి, బైరప్ప సరుకుకు బీమా ఇచ్చిన ఇన్సూరెన్సు కంపెనీ మనిషి వెంకటరమణ కృపాదానం దగ్గరకు వచ్చాడు.

"బైరప్ప ఫిర్యాదు నకలు కావల్లప్పా. నాలుగేండ్ల కిందట కుప్పంలోనూ ఈయన కొట్లో బేళ్లు పోయినాయి. కాపలావాడు జైలుకు పోయినాడు. తర్వాత ఆ గుడ్డ సేలంలో దొరికింది. అమ్మింది బైరప్ప బామర్ది. ఆ సంగతి రాసిన కాయితం నా సంచిలో ఉండాది."

"కుప్పం పోలీసోళ్లకు యాల సెప్పలేదు?" అన్నాడు కృపాదానం.

"వాళ్లు అడగలేదు."

"ఇట్లియ్యి."

"మద్రాసు ఆఫీసు అనుమతి లేకుండా ఇయ్యకూడదు. నువ్వు నకలు ఇయ్యి."

"దానికి మదనపల్లె ఇన్‌స్పెక్టరు ఆర్డరు కావల్ల."

వెంకటరమణ నవ్వాడు. "ఇద్దరమూ రూలు తప్పని మొగోళ్లమే. తన్నులు మాత్రం మల్లప్పకు."

లోపల మల్లప్ప దగ్గుతున్నాడు. ఇద్దరూ ఒకే బల్ల దగ్గర కూర్చుని అనుమతి కోసం చెరొక అర్జీ రాసి టపాలో వేశారు.

సాయంత్రం కృపాదానం కుప్పం సంగతి ఎస్సైకి చెప్పాడు.

"కాయితం ఉండాదా?"

"వస్తాది సార్."

"వచ్చినాక సూద్దాం."

ఆరో రోజు మల్లప్ప ఒప్పుకున్నాడు. వాంగ్మూలం రాసింది కృపాదానమే. బేళ్లు యాడ అమ్మినావని అడిగాడు.

"ఏ ఊరు సెప్తే కొట్టేది ఆపుతారో ఆ ఊరే రాసుకోప్పా."

కృపాదానం ఎస్సై వైపు చూశాడు. ఎస్సై "సోమల" అన్నాడు. కృపాదానం సోమల అని రాశాడు.

మల్లప్ప మేజిస్ట్రేటు ముందూ అదే చెప్పాడు. ఏడాది శిక్ష పడింది. మరుసటి వారం రెండు అనుమతులూ వచ్చాయి.

వెంకటరమణ కుప్పం కాగితం బల్ల మీద పెట్టాడు. ఫిర్యాదు నకలు ఇక వద్దన్నాడు. దొంగ దొరికాక కంపెనీ బైరప్పకు చెల్లించక తప్పదు.

కృపాదానం కాగితం తీసుకుని ఎస్సై గదిలోకి వెళ్లాడు. ఎస్సై చివరిదాకా చదివాడు.

"ముగిసిన కేసుకు ఇదెందుకప్పా? వాడు ఒప్పుకున్నాడు గదా. రాసింది నువ్వే గదా?"

"నేనే సార్."