బానెట్ మీద సొట్ట

సీటు కింది ఇసుక ఎంత దులిపినా పోదు. సెలవులకు వచ్చినవాళ్లు సముద్రంలోంచి తడి కాళ్లతో వచ్చి ఎక్కుతారు. మర్నాడు ఇంకొకళ్లకు ఇచ్చేసరికి కారు కడిగిన ముత్యంలా ఉండాలి. బ్రష్షుతో, గుడ్డతో, ఆఖరికి గోళ్లతో గీరేదాన్ని నేను. గేటు మీద అద్దె కార్ల బోర్డులో పేరు మాత్రం నా మొగుడు ఎల్రిక్‌ది. "నువ్వు చేసేదేముంది, బండ్లు కడగడమేగా" అంటాడు.

గురువారం ఒకాయన కారు తిరిగి ఇస్తూ, సీటు కింద ఇసుక ఉందని నవ్వుతూనే అన్నాడు. ఎల్రిక్ కూడా నవ్వాడు. ఆయన గేటు దాటగానే నా జుట్టు పట్టుకుని తెల్ల కారు బానెట్‌కేసి తల బాదాడు. రేకు లోపలికి పోయిన చప్పుడు వినబడింది. మళ్లీ బాదాడు. కంట్లోకి రక్తం కారుతుంటే నాకు వచ్చిన ఆలోచన ఏమిటో తెలుసా? ఎండకు ఆరితే మరక పడుతుంది, త్వరగా కడగాలి అని. నా మీద నాకే అసహ్యం వేసింది. అయినా కడిగాను.

వరండాలో మా అత్తగారు కందికాయలు ఒలుస్తోంది. "తలకు గుడ్డ కట్టుకో వెల్డా, ఎవరైనా చూస్తే బాగుండదు. మీ మామయ్య చెయ్యి ఇంతకంటే బరువు" అంది. ఎల్రిక్ నన్ను కాదు, సొట్టను తడిమి చూశాడు. "అడిగితే కొబ్బరికాయ పడిందని చెప్పు."

మా బార్బడోస్‌లో అద్దె బండ్ల నంబరు హెచ్ అక్షరంతో మొదలవుతుంది. ఆ పలక కనబడితే బస్సువాడు కూడా ఆగి దారి ఇస్తాడు. చుట్టపుచూపుగా వచ్చిన జనం, మలుపులో సిగ్నలు వెయ్యబోయి వైపర్లు వేసుకునే జనం, పోనీలే పాపం అని. ఇక్కడే పుట్టిన నాకు ఆ మర్యాద ఎన్నడూ దక్కలేదు. నడపడం వచ్చినా గేటు దాకానే నా డ్రైవింగు.

శనివారం ఆ తెల్ల కారు కోసం ఇంగ్లండు నుంచి జోన్ అనే ఆవిడ, మొగుడితో వచ్చింది. తాళం ఇచ్చేముందు బండి చుట్టూ తిరిగి పాత దెబ్బలన్నీ చేత్తో తాకి చూపించడం మా పద్ధతి, తర్వాత పేచీ లేకుండా.

"ఇది రాయి గీసుకుంది. ఇది మేక."

"మేకా?"

"అవునండీ. తప్పు మేకదే."

ఆవిడ నవ్వింది. మొగుడు గడియారం చూసుకుని, "ఒక్కో గీతా చూస్తూ కూర్చో, జోన్. సెలవంతా ఇక్కడే గడుపుదాం" అన్నాడు. ఆవిడ నవ్వు చప్పున ఆగిపోయింది. అయినా బానెట్ దగ్గర నిలబడింది. "మరి ఇది?"

కొబ్బరికాయ అనడానికి నోరు తెరిచాను. వరండా మెట్ల మీద ఎల్రిక్ చూస్తున్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది. మేక కొట్టినదానికి మేక పేరు చెప్పానే, నా మొగుడు కొట్టినదానికి కొబ్బరికాయ పేరు ఎందుకు చెప్పాలి?

తలగుడ్డ విప్పాను. కుట్లు లేని గాయం, గుడ్డతో పాటు పెచ్చు ఊడి మళ్లీ కారింది. వంగి, కాలుతున్న రేకు మీద, ఆ సొట్టలో నుదురు ఆనించాను. సరిగ్గా సరిపోయింది.

"ఇది నా తల" అన్నాను.

జోన్ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"వెల్డా, లోపలికి నడు" అన్నాడు ఎల్రిక్ మెట్లు దిగుతూ. ఆ గొంతు తర్వాత ఏం జరుగుతుందో నా ఎముకలకు తెలుసు. తాళం ఇంకా నా చేతిలోనే ఉంది. కారెక్కి తలుపు బిగించుకున్నాను. అతను అద్దం మీద పిడికిలితో గుద్దాడు. అద్దం బీటలు వారింది. తాళం తిప్పి, తొందరలో వేరే మీట నొక్కాను, ఎండలో వైపర్లు ఆడాయి. బండి ముందుకొచ్చి రెండు చేతులూ బానెట్ మీద ఆనించి నిలబడ్డాడు.

"చంపుతావా నన్ను? దిగు."

"పోలీసులకు ఈ సొట్ట చూపించాలి. తప్పుకో" అని గేరు వేశాను.

హెచ్ పలక ఉన్న బండికి మా ద్వీపంలో ఎవరైనా దారి ఇస్తారు. ఆ రోజు ఎల్రిక్ కూడా ఇచ్చాడు.