డబ్బా మీద రెండువందల ఇరవై

మా ఇంట్లో ఉన్న ఒకే ఒక్క టేబుల్ ఫ్యాను అత్తయ్యది. దాన్ని పట్టుకెళ్లి నేను కంప్యూటర్‌కి పెట్టిన రోజు ఆవిడ పోట్లాడలేదు. పాత పేపర్‌తో విసురుకుంటూ నా గదిలోకి వచ్చింది. పక్క రేకు ఊడదీసిన డబ్బానూ, దాని పొట్టలోకి గాలి కొడుతున్న తన ఫ్యానునూ కాసేపు చూసింది.

"దీనికి ఒంట్లో బాలేదా?" అంది.

"బాగానే ఉంది అత్తయ్యా. ఇంకా బాగా పనిచేయిద్దామని."

"ఓహో," అని విసురుకుంటూ వెళ్లిపోయింది.

నేను ఇంట్లో కూర్చుని పెళ్లి వీడియోలు, పుట్టినరోజు వీడియోలు ఎడిట్ చేస్తాను. స్టూడియో ఆయన తీసినదంతా తెచ్చిస్తాడు. నేను కత్తిరించి, అతికించి, పాటలు కలిపి ఇస్తాను. ఈమధ్య వరసగా రెండు మూడు పనులు ఆలస్యమయ్యేసరికి ఆయన చాలా మర్యాదగా చెప్పాడు.

"మీ చెయ్యి మంచిదే మేడమ్. మీ సిస్టమే ముసలిదైపోయింది. కొత్త సిస్టమ్ పెట్టుకుని ఒక కుర్రాడు నా చుట్టూ తిరుగుతున్నాడు. ఈ పెళ్లి వీడియో కూడా శుక్రవారానికి అందలేదనుకోండి, ఇక నన్నేమీ అనుకోవద్దు."

ఆ పనే పోతే నాకు మిగిలేది వంటిల్లు. ఈ చిన్న గదీ, తిరిగే కుర్చీ, తలుపు దగ్గరకేసుకుని "పనిలో ఉన్నా" అని గట్టిగా అనగలిగే దర్జా, అన్నీ దాని పుణ్యమే. కొత్త కంప్యూటర్ ఇప్పట్లో కొనగలిగేది కాదు. అందుకని ఉన్నదాన్నే పరిగెత్తించే దారి కోసం ఇంటర్నెట్‌లో దొరికినదల్లా చదివాను.

ప్రాసెసర్ తన ఇష్టం వచ్చినట్టు పరిగెత్తదట. బోర్డు వేసే తాళానికి తగ్గట్టు అడుగులు వేస్తుందట. ఆ తాళాన్నే బస్ స్పీడ్ అంటారు. తయారుచేసినవాళ్లు నా మెషిన్‌లో దాన్ని రెండువందలకి పెట్టి పంపించారు. మనం కాస్త పెంచితే ప్రాసెసర్ చచ్చినట్టు వేగం అందుకోవాల్సిందే. ఈ పద్ధతి నాకు వెంటనే అర్థమైంది. మా ఇంట్లో నాతో పని చేయించుకునేదీ ఇలాగే.

కంప్యూటర్ ఆన్ అవుతుండగా డిలీట్ మీట నొక్కితే సెట్టింగులు మార్చే నీలం తెర ఒకటి వచ్చింది. రెండువందల దగ్గర పది పెంచాను. బతికింది. ఇంకో పది పెంచాను. అప్పుడూ బతికింది. మరో పది పెంచేసరికి తెర నల్లబడిపోయింది. ఎలాగో బతిమాలి వెనక్కి తెచ్చుకుని, రెండువందల ఇరవై దగ్గర ఆపాను. కాగితం మీద లావుపాటి అక్షరాలతో 220 అని రాసి డబ్బా పైన అంటించాను. చూసినవాళ్లు అదేమిటని అడుగుతారని నా ఆశ. ఎవరూ అడగలేదు. అడక్కపోయినా చెప్పాను.

అయితే భయం మాత్రం పట్టుకుంది. వేడెక్కితే మెషిన్ ఉన్నట్టుండి ఆగిపోతుందట, చేసిన పనంతా గంగపాలవుతుందట. అందుకని ఎడిటింగ్ తప్ప ఇంకేదీ తెరవకూడదని ఒట్టు పెట్టుకున్నాను. అంతవరకు తెర మీద ఒక మూల పేకముక్కల ఆట, ఇంకో మూల చెల్లెలి వీడియో కాల్, వాటి వెనకాల నాలుగైదు బట్టల దుకాణాలు ఉండేవి. వాటన్నిటికీ సెలవిచ్చేశాను. లేచి వెళితే ఎక్కడ పొగ వస్తుందోనని కుర్చీకి అతుక్కుపోయాను.

పెళ్లి వీడియో బుధవారానికే తయారైంది.

ఇక నన్ను పట్టడం ఎవరి తరమూ కాలేదు. చెల్లెలికి ఫోన్ చేసి "నా మెషిన్ పరిగెడుతోందే" అన్నాను. భోజనాల దగ్గర మా ఆయనకి బస్ స్పీడ్ గురించి పాఠాలు చెప్పాను. ఆయనది వేరే గోల. డాక్టర్ తూచుకుని తినమన్నాడని, వంటింటి తూకం మిషన్ మీద కంచం పెట్టి, గరిటెతో వేస్తూ తీస్తూ కూర్చుంటారు.

"నాకు ఇరవై గ్రాములు తగ్గిస్తేనే ప్రాణం పోతోంది. దానికి ఇరవై పెంచితే పరిగెత్తదూ మరి!" అన్నారు.

ఆ తర్వాతి రెండు పనులూ గడువుకి ముందే ఇచ్చాను. ఒకరోజు స్టూడియో ఆయన తన కంప్యూటర్‌ని బస్తాలా భుజాన వేసుకుని మా ఇంటికొచ్చాడు.

"మేడమ్, దీనికీ ఆ వైద్యం చెయ్యండి. ఆ కుర్రాణ్ని ఇక రావొద్దని చెప్పేస్తా. ఈ సీజన్ పనంతా మీదే."

నాలో ఎక్కడో దాక్కున్న పంతులమ్మ లేచి కూర్చుంది. "ముందు నాది చూసి నేర్చుకోండి," అని నా కంప్యూటర్ ఆపి, మళ్లీ ఆన్ చేసి, నీలం తెర తెరిచి, వేలు పెట్టి చూపించాను.

నా వేలి కింద రెండువందలు ఉంది.

ఆయన తెర వైపు చూశాడు, డబ్బా వైపు చూశాడు. "కాగితం మీద ఇరవై ఎక్కువుందే మేడమ్?"

వంగి డబ్బాలోకి చూశాను. బోర్డు మీద ఉండే బిళ్ల బ్యాటరీకి పసుపు మరక అంటుకుని ఉంది. బోర్డుకి పసుపు పూసేంత భక్తి నాకెప్పుడూ లేదు. అది వంటింట్లో తూకం మిషన్‌లో ఉండాల్సిన బ్యాటరీ.

"ఏమండీ!" అని కేకేశాను.

మా ఆయన తాపీగా వచ్చారు. "ఫ్యాను పెట్టావే, ఆ సాయంత్రమే మార్చా. తూకం ఆగిపోయింది. చూస్తే నువ్వు గదిలో లేవు, నీ డబ్బా తెరిచి ఉంది, లోపల అచ్చం అలాంటిదే తళతళా మెరుస్తోంది. దీనికి ఎలాగూ కరెంటుంది కదా, బ్యాటరీ దండగ. ఖాళీగా వదిలేస్తే బాగోదని అయిపోయిందాన్ని ఇందులో పెట్టా."

కరెంటు ఆపినప్పుడు మనం పెట్టిన అంకెలు బోర్డుకి గుర్తుండేది ఆ బిళ్ల వల్లే. రాత్రి పడుకోబోయే ముందు ఇంట్లో స్విచ్చులన్నీ ఆపేయడం అత్తయ్యకి అలవాటు. పొద్దున్నే నేను వంటింట్లోంచి కేకేస్తే కంప్యూటర్ ఆన్ చేసి పెట్టేది కూడా ఆవిడే. అంటే నా రెండువందల ఇరవై ఒక్క పూట బతికింది.

"అత్తయ్యా, ఆన్ చేసినప్పుడు తెర మీద ఏమీ రాలేదా?"

"రాకేం! పొద్దున లేస్తే ఎఫ్ వన్ నొక్కమని అడిగేది. పాపం, అడుగుతోంది కదా అని నొక్కేదాన్ని."

"నాతో ఒక్క మాట చెప్పొచ్చుగా!"

"ఫ్యాను పట్టుకెళ్లేటప్పుడు నాతో చెప్పావా అమ్మాయ్?"

స్టూడియో ఆయన గొంతు సవరించుకున్నాడు. "అయితే పని తొందరగా ఎలా అయింది మేడమ్?"

జవాబు నాకూ అప్పుడే తట్టింది. దాన్ని మింగేసి, ప్రాసెసర్ గురించి నాలుగు బరువైన మాటలు చెప్పి గట్టెక్కుదామని నోరు తెరిచాను. నాకంటే అత్తయ్యే ముందు అందుకుంది.

"ముక్కలాట మానేసిందిగా బాబూ. చెల్లెలితో కబుర్లు కూడా మానేసింది. కుర్చీలోంచి లేస్తే ఒట్టు."

"అంతే," అన్నాను. అబద్ధమాడటానికి ఆవిడ నాకేమీ మిగల్చలేదు. "మెషిన్ ముసలిది కాదండీ. దాని ముందు కూర్చున్న మనిషే సరిగ్గా కూర్చోలేదు."

ఈ సీజన్ పని గుమ్మం దాటిపోతున్నట్టే అనిపించింది. ఆయన మాత్రం తను మోసుకొచ్చిన కంప్యూటర్ వైపు చాలాసేపు చూశాడు.

"మా దాంట్లో పొద్దున్నించీ సాయంత్రం దాకా మ్యాచ్ నడుస్తుంది మేడమ్," అన్నాడు మెల్లగా. "మా కుర్రాళ్లు పెట్టింది కాదు. నేనే."

బస్తాని మళ్లీ భుజానికెత్తుకున్నాడు. గుమ్మం దగ్గర ఆగి, జేబులోంచి హార్డ్ డిస్క్ తీసి నా చేతిలో పెట్టాడు. "ఆదివారం పెళ్లిది. ఆ కుర్రాడి సిస్టమ్ కొత్తదే. వాడు ముక్కలాట మానేశాడన్న నమ్మకం మాత్రం నాకు లేదు."

ఫ్యాను అత్తయ్య గదికి చేరింది. ఆవిడ దాన్ని తుడిచి, ఎండలోంచి వచ్చిన మనవడిలా దగ్గరికి తీసుకుంది. తూకంలోంచి నా బ్యాటరీ లాక్కుని బోర్డుకి పెట్టాను. అంకె జోలికి పోకుండా రేకు బిగించేశాను.

భోజనాల వేళకి వంటింట్లోంచి చప్పుడు లేదు. వెళ్లి చూస్తే మా ఆయన ప్రాణంలేని తూకం ముందు నిలబడి ఉన్నారు. నా డబ్బా మీద కాగితం ఎప్పుడు ఊడబెరికారో, దాన్ని తూకం అద్దం మీద అంటించి, గరిటె మీద గరిటె వేసుకుంటున్నారు.

"సరిగ్గా రెండువందల ఇరవై గ్రాములు," అన్నారు, కంచం అంచు దాటుతున్నా చూడకుండా. "కావాలంటే చదువుకో."