గాల్లో కూర్చున్న వ్యవస్థాపకుడు

పొద్దున్నే షట్టర్ ఎత్తగానే కుర్చీలావిడ చేసే మొదటి పని పేము పట్టీల్ని నీళ్ళతొట్టిలో నానేయడం. అవి నానేలోగా టీ తాగుతుంది, వేళ్ళకి చుట్టుకున్న నిన్నటి గుడ్డపీలికలు విప్పి కొత్తవి చుట్టుకుంటుంది, ఎదురింటి పిల్లిని ఓసారి కసురుతుంది. అప్పటికే ఆమె మొగుడు నోటినిండా మేకులు పెట్టుకుని ఏదో ఒక కుర్చీ కాలు బిగిస్తూ ఉంటాడు. ఆయన వడ్రంగి. విరిగిన చట్రం ఆయన బాగుచేస్తే, తెగిన అల్లిక తీసేసి ఈమె మళ్ళీ అల్లుతుంది. కొట్టు ఆమె తల్లిది. పని నేర్పిందీ తల్లే.

తల్లి పోయినా ఆమె కుర్చీ ఆ కొట్లోనే ఉండేది. ఉండేది అనడమే గానీ ఒకచోట కుదురుగా ఉండేది కాదు. చేతులున్న పాత పేము కుర్చీ అది. చుట్టుపక్కల ఎవరైనా పనిచేసి చేసి అలిసిపోతే, టక్కు టక్కుమని నడుచుకుంటూ వెళ్ళి వాళ్ళ వెనకాల నిలబడేది. ఉత్తరాలు పంచేవాడు కూర్చునేవాడు, మూటలు దించేవాడు కూర్చునేవాడు. వాళ్ళు లేచాక మళ్ళీ ఇంటిదారి పట్టేది. అది రోడ్డు దాటుతుంటే బస్సులు ఆగేవి. "జరగండి జరగండి, పెద్దావిడ కుర్చీ వస్తోంది," అని జనం దారిచ్చేవాళ్ళు. మెట్లు మాత్రం దానికి పడవు. మేడమీద ఎవరు ఎంత అలిసినా కింద నిలబడి ఎదురుచూడటమే తప్ప ఎక్కేది కాదు.

ఇలా రోజులు బాగానే గడుస్తుండగా, మరిది ఉద్యోగం మానేసి ఊడిపడ్డాడు.

"ఈ రోజుల్లో వెబ్‌సైట్ లేని కొట్టు ఉన్నా లేనట్టే వదినా," అన్నాడు, వచ్చిన రోజే, కాళ్ళు బల్లమీద పెట్టి. "నాకు వదిలేయ్. నేను చూసుకుంటా."

అతనన్నది తప్పు కాదు. ఆమెకి ఇప్పటికీ ఒళ్ళు మండే సంగతి అదే. సందు లోపల ఉన్న కొట్టు కనిపెట్టలేక ఎంతమంది మంచి కుర్చీల్ని చెత్తబండిలో పారేస్తున్నారో ఆమెకి తెలుసు. ఆ మాట తనే అందామని ఏడాదిగా అనుకుంటోంది. సరేనంది.

ముందు ల్యాప్‌టాప్ కావాలి కదా. ఇద్దరూ కలిసి ల్యాప్‌టాప్‌ల కొట్టుకి వెళ్ళారు. కొట్లో కుర్రసేల్స్‌మన్ మరిదికి కుర్చీ వేశాడు, మంచినీళ్ళిచ్చాడు, "సార్, మీ అవసరం చెప్పండి," అన్నాడు. అవసరం తనది కాబట్టి ఆమే చెప్పింది.

"మా బల్లమీద ఎప్పుడూ తడి ఉంటుంది, కాబట్టి వాకిట్లో ఎండలో పెట్టుకుని చూసుకుంటాను. తెర వెలుతుర్లో కనబడాలి. పేము రంగు ఉన్నదున్నట్టు చూపించాలి. వైరు పెట్టకుండా ఓ పూటంతా నడవాలి. ఒక చేత్తో తీసి పక్కన పెట్టేంత తేలిగ్గా ఉండాలి."

సేల్స్‌మన్ అంతా విన్నాడు. విని, మరిది వైపు తిరిగాడు. "మేడమ్‌గారికి గులాబీరంగులో కూడా ఉంది సార్."

ఆమెకి అరికాలి మంట నెత్తికెక్కింది. "రంగు అడిగానా నేను? రంగు అడిగానా?" అంది. అప్పుడే గుమ్మం దగ్గర టక్కు టక్కుమని చప్పుడైంది. తల్లి కుర్చీ ఇన్ని వీధులు దాటి వచ్చి ఆమె వెనకాల నిలబడింది. పొద్దుటినుంచి నిలబడే ఉన్నానని ఆమెకి అప్పుడే తెలిసింది. కూర్చుంది. సేల్స్‌మన్ దాని కాళ్ళకి వైరు తగలకుండా పక్కకి జరిపాడు, అంతే.

చివరికి కొన్నది మాత్రం మరిదికి నచ్చినదే. ఆటలు ఆడుకునేవాళ్ళ కోసం చేసినది, ఎర్రదీపాలు మెరిసేది, రుబ్బురోలంత బరువు. వైరు పీకితే సగం సినిమా చూసేంతసేపు కూడా నడవదు. ఇంటికొచ్చి ఆమె మొగుడితో మొత్తుకుంది. ఆయన నోట్లో మేకులున్నాయి. నోట్లో మేకులున్న మనిషిని ఎవరూ ఏమీ అడగరు, అందుకే ఆయన పని లేనప్పుడు కూడా రెండు మేకులు పెట్టుకుని తిరుగుతాడని ఆమెకి చాలాకాలంగా అనుమానం.

కొన్నాళ్ళకి వెబ్‌సైట్ తయారైంది. ఆమె తన ఫోన్‌లో తెరిచింది. తెరుచుకునేలోగా పొయ్యిమీద పాలు పొంగి పొయ్యి ఆరిపోయింది. ముందు నల్లటి తెర, తర్వాత ఢమఢమ సంగీతం, తర్వాత ఎక్కడివో సోఫాలు గిరగిరా తిరుగుతూ వచ్చాయి. 'మా దార్శనికత' అని ఒకచోట, 'మా ప్రస్థానం' అని ఇంకోచోట. తెగిన కుర్చీలు అల్లుతామన్న ముక్క ఎక్కడా లేదు. కొట్టు ఎక్కడుందో లేదు, ఎప్పుడు తెరుస్తారో లేదు. ఫోన్ నంబరు ఎంత వెతికినా లేదు. అన్నిటికంటే అడుగున ఒక ఫోటో ఉంది. తల్లి కుర్చీలో మరిది, కాలుమీద కాలేసుకుని, గడ్డం కింద వేలు పెట్టుకుని. కింద 'వ్యవస్థాపకుడు' అని రాసుంది.

ఆ కుర్చీ అతని దగ్గరికి ఎలా వచ్చిందో ఆమెకి వెంటనే అర్థమైంది. అంతకుముందు రోజు అతను పక్కమేడ మెట్లు ఊరికే ఎక్కుతూ దిగుతూ పరుగెత్తాడు. ఏం వ్యాయామమో అనుకుంది. రొప్పుకుంటూ వీధిలోకి రాగానే పాపం ఆ ముసలి కుర్చీ మోసపోయి అతని దగ్గరికి వెళ్ళింది.

"ఇది మా అమ్మ కుర్చీ," అంది. "ఇది మా అమ్మ పెట్టిన కొట్టు. నువ్వు ఎప్పుడు స్థాపించావు? ఒక్క పట్టీ నానబెట్టావా ఎప్పుడైనా?"

"దీన్ని బ్రాండింగ్ అంటారు వదినా. నీకు తెలీదు."

"నంబరు ఏది? నా పని ఏది? నేను అల్లిన కుర్చీ ఒక్కటైనా ఏది?"

"నీ చేతులు ఓసారి చూసుకో," అన్నాడు మరిది, నవ్వుతూనే. "ఆ కోతలూ, ఆ గుడ్డపీలికలూ చూపిస్తే ఎవరొస్తారు చెప్పు?"

ఆమె చేతులు చూసుకుంది. వాటిని చూసి సిగ్గుపడాలని ఇంతవరకు ఆమెకి తోచలేదు. ఇప్పుడూ తోచలేదు.

ఆ వెబ్‌సైట్ పుణ్యమా అని పని సన్నగిల్లింది. ఎలాగో వెతుక్కుని వచ్చినవాళ్ళు సోఫాలు అడిగి, లేవంటే మూతి తిప్పుకుని పోయేవాళ్ళు. కుర్చీ అల్లించుకోవాల్సినవాళ్ళు ఇది సోఫాల కొట్టనుకుని రావడమే మానేశారు. ఇంతలో పెద్ద లైబ్రరీ సంగతి తెలిసింది. అక్కడి చదువుకునే గదిలో కుర్చీలన్నీ ఆమె తల్లి అల్లినవే. ఇప్పుడు సగానికి సగం కుంగిపోయి, తెగిపోయి ఉన్నాయి. వాటిని బాగుచేయించాలా, పాతసామాన్లకి వేసేసి ప్లాస్టిక్‌వి కొనాలా అని కమిటీ ఆలోచిస్తోందట. బాగుచేసే పని వస్తే కొట్టు నిలబడుతుంది. రాకపోతే షట్టర్ దించేయడమే, తల్లి చేతిపని అంతా పొయ్యిలోకి పోవడమే.

ఆమె మేడమెట్లు ఎక్కి లైబ్రేరియన్‌ని కలిసింది. లైబ్రేరియన్ నడివయసు మనిషి. కాళ్ళు వాచి చెప్పుల్లో పట్టడం లేదు. బాగున్న కుర్చీలన్నీ చదువుకునేవాళ్ళకి ఇచ్చేసి రోజంతా నిలబడే పనిచేస్తోంది.

"మీ వెబ్‌సైట్ చూశానమ్మా," అంది. "మీరు సోఫాలు కదా అమ్మేది? పోనీ, శుక్రవారం కమిటీ వస్తుంది. మీ యజమాని గారిని రమ్మనండి. ఫోటోలో ఉన్నారే, ఆయన్ని."

మెట్లు దిగుతూ ఆమె పళ్ళు పటపట కొరికింది. దిగి, నేరుగా ల్యాప్‌టాప్‌ల కొట్టుకి వెళ్ళింది. ఈసారి ఒక్కతే. అదే కుర్రాడు. "సార్ రాలేదా మేడమ్?"

"సార్ లేడు. నేనే ఉన్నాను. ఆ బూడిదరంగుది ఇలా తే."

అది ఎవరో వాడి ఇచ్చేసినది, మూతమీద గీతలున్నాయి. ఆమె దాన్ని వీధిలోకి పట్టుకెళ్ళి ఎండలో తెరిచింది. పేము పట్టీ ముక్క తెరపక్కన పెట్టి, ఫోటో తీసి, రంగు సరిపోయిందో లేదో చూసింది. గుడ్డపీలికలున్న వేళ్ళతో మీటలు నొక్కింది. ఒంటిచేత్తో లేపింది. వైరు పీకించి, కొట్లోనే మధ్యాహ్నం దాకా మొండిగా కూర్చుంది. అది నడుస్తూనే ఉంది. కుర్రాడు విసుక్కున్నా ఆమె పట్టించుకోలేదు.

పేజీ తనే కట్టుకుంది. పేజీలు కట్టేవాళ్ళకి సిద్ధంగా దొరికే నమూనాల్లో బొత్తిగా బోసిగా ఉన్నదాన్ని ఏరుకుంది. పైన పెద్ద అక్షరాల్లో 'తెగిన కుర్చీ పారేయకండి. అల్లిపెడతాం' అని రాసింది. దాని కిందే ఫోన్ నంబరు, నొక్కితే మోగేలా. సందులోకి ఏ మలుపు తిరగాలో, ఏ వేళకి తెరుస్తారో. తర్వాత తెగిన కుర్చీ, పక్కనే అదే కుర్చీ అల్లాక. అల్లేవాళ్ళు పనితనం చూసేది అడుగునే కాబట్టి, కుర్చీల్ని తిరగేసి ముడులు కనబడేలా ఫోటోలు తీసింది. తన చేతులు పెట్టింది, కోతలతో సహా. అన్నిటికంటే ముందు తల్లి కుర్చీ ఉండాలనుకుంది గానీ, ఎన్నిసార్లు తీసినా గడపా ఎండా పడ్డాయి తప్ప కుర్చీ పడలేదు. తీసే లోపల ఎవరో ఒకరు అలిసేవాళ్ళు. సరే, ఉన్నదే పెడదామని ఆ ఖాళీ గడపనే పెట్టింది. అక్కడ తల్లి గురించి ఒక్క ముక్క రాసింది.

శుక్రవారం మరిది ఇస్త్రీచొక్కా వేసుకుని, ఆ రుబ్బురోలు ల్యాప్‌టాప్ చంకన పెట్టుకుని ఆమెకంటే ముందే లైబ్రరీ చేరాడు. "నువ్వెందుకొచ్చావు వదినా? మాట్లాడేది నేను కదా," అన్నాడు. కమిటీవాళ్ళు గోడకి ఆనుకుని నిలబడ్డారు. కూర్చోవడానికి ఏముంది గనక.

అతని పేజీ తెరుచుకోవడానికి అందరూ ఓపిగ్గా ఎదురుచూశారు. నల్లతెర వచ్చింది, సంగీతం వచ్చింది, సోఫాలు తిరిగాయి. చివరికి ఫోటో వచ్చింది. వ్యవస్థాపకుడు కాలుమీద కాలేసుకుని, గడ్డం కింద వేలు పెట్టుకుని చిరునవ్వు నవ్వుతున్నాడు. కింద కుర్చీ లేదు. గాల్లో కూర్చున్నాడు.

"ఈయనకి ఎవరూ కుర్చీ వేయలేదా?" అంది కమిటీలో ఒకావిడ, నిజంగా జాలిపడుతూ.

"మోకాళ్ళు నొప్పి పుట్టవూ?" అన్నాడు ఇంకొకాయన.

మరిది మొహం నల్లబడింది. మీటలు టపటపా కొట్టాడు. ఎర్రదీపాలు రెండుసార్లు మిణుకుమని ఆరిపోయాయి. వైరు తెచ్చుకోవడం మర్చిపోయాడు.

ఆమె తన బూడిదరంగుది తెరిచింది. పేజీ రెప్పపాటులో వచ్చింది. లైబ్రేరియన్ వంగి చదివింది. చేతుల ఫోటో దగ్గర ఆగింది, తిరగేసిన కుర్చీల దగ్గర ఇంకాసేపు ఆగింది. తర్వాత పేజీ పైకి జరిపి, ఖాళీ గడప మీద వేలుపెట్టింది. "ఇక్కడ మీ అమ్మగారి కుర్చీ అని రాశారు. మరి కుర్చీ ఏదమ్మా?"

"ఉండదండీ. ఎవరైనా అలిస్తే వెళ్ళిపోతుంది."

కింద మెట్ల దగ్గర టక్కుమంది. మెట్లు దానికి పడవు. ఇంకో టక్కు. కాసేపు ఏమీ లేదు, మళ్ళీ ఇంకోటి. గదిలో చదువుకుంటున్నవాళ్ళు పుస్తకాలు దించి వింటున్నారు. చాలాసేపటికి తల్లి కుర్చీ గుమ్మంలో కనబడింది. ఒక కాలు బీటలిచ్చింది. అది మరిదిని దాటింది, కమిటీని దాటింది, వెళ్ళి లైబ్రేరియన్ వెనకాల నిలబడింది.

లైబ్రేరియన్ కూర్చుంది. కళ్ళు మూసుకుంది. వాచిన కాళ్ళు చెప్పుల్లోంచి తీసి చల్లటి నేలమీద ఆనించింది. తనని ఎవరైనా కూర్చోమని అడిగి ఎన్నాళ్ళయిందో, ఆమె కళ్ళ చివర తడి మెరిసింది. కమిటీవాళ్ళు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు.

"ప్లాస్టిక్ వద్దు," అంది కళ్ళు తెరవకుండానే. "అన్నీ ఈవిడకే పంపండి."

"సంతోషమండీ!" అని మరిది ముందుకొచ్చాడు. "మా సంస్థ తరఫున..."

"నీకు సంస్థ ఎక్కడిదిరా?" అంది కుర్చీలావిడ, లైబ్రరీ అని కూడా చూడకుండా. "ముందు ఆ ఫోటోలో కూర్చోడానికి ఏదైనా చూసుకో!"

సాయంత్రం ఆమె, ఆమె మొగుడు ఆ కుర్చీని ఎత్తి పట్టుకుని మెట్లు దించారు. కొట్టుకొచ్చాక ఆయన బీటలిచ్చిన కాలు ముందేసుకుని కూర్చున్నాడు. మరిది గుమ్మంలో నిలబడి, "చూడన్నయ్యా, వదిన నలుగురిలో నన్నెంత మాటందో," అని మొదలుపెట్టాడు. వడ్రంగి నోట్లోంచి మేకులు ఒక్కొక్కటే తీసి బల్లమీద పెట్టాడు.

"సరిగ్గానే అంది," అన్నాడు. మళ్ళీ మేకులు పెట్టుకున్నాడు.

మర్నాటినుంచి లైబ్రరీ కుర్చీలు బండ్లమీద దిగడం మొదలైంది. సందు సగం వాటితోనే నిండిపోయింది. మరిది ఆ పాత పేజీ తీసేద్దామనుకున్నాడు గానీ పాస్‌వర్డ్ మర్చిపోయాడు. అది ఇప్పటికీ అలాగే ఉంది. గాల్లో ఉన్న ఆ మోకాళ్ళు ఈ మధ్య కాస్త వణుకుతున్నాయని, నుదుటి మీద చెమట కూడా పట్టిందని చూసినవాళ్ళు వచ్చి చెబుతుంటారు. తల్లి కుర్చీ కొత్త కాలితో వీధిలోకి వెళ్తూ వస్తూ ఉంటుంది గానీ, ఆ ఫోటోవైపు మాత్రం వెళ్ళదు.

"చూశావా?" అని ఎవరైనా ఫోన్ తెచ్చి చూపించబోతే కుర్చీలావిడ తల కూడా ఎత్తదు.

"పట్టీలు నానిపోతున్నాయి, జరుగు," అంటుంది.