ఒంటితీగ మొహం

పద్మాక్షి మామగారు శ్రీమన్నారాయణాచార్యులు నామం విషయంలో వెంట్రుకవాసి తేడా కూడా ఒప్పుకునే మనిషి కాదు. వాళ్లు వడగల వైష్ణవులు. నామం కనుబొమల నడుమ గుండ్రంగా ఆగిపోవాలి. తెంగలవాళ్ల నామానికైతే అడుగున పాదముంటుంది, అది ముక్కు మీదికి దిగుతుంది. ఆ పాదం గురించి ఆయన పోట్లాడని పెళ్లిపందిరి తిరుపతి చుట్టుపక్కల లేదు. పెద్దవాళ్ల పంతాలకు మందేముంది!

అలాంటాయన సరేనంటేనే, బొమ్మలు గీయడమూ తీగలతో వంచడమూ చదువుకున్న పద్మాక్షి సోమవారం వడమాలపేట బడిలో డ్రాయింగు టీచరుగా చేరగలదు. భర్త సంపత్కుమార్ "నాయన ఎట్ల చెప్తే అట్ల" అని చేతులు దులుపుకున్నాడు. మామగారేమో, "తీగలు వంచేది కూడా ఒక చదువేనా అమ్మా? వచ్చినాక చెప్తా" అని చిత్తూరులో బంధువుల పెళ్లికి బస్సెక్కేశారు.

నోటితో చెబితే వినని మనిషికి చేసి చూపించాలనుకుంది పద్మాక్షి. మేడ గది కట్టినప్పుడు మిగిలిన బైండింగ్ వైరు తీసుకుని, ఎక్కడా తెంపకుండా ఒకే తీగతో ఆయన మొహం వంచింది. కాగితం మీద పెన్సిలు ఎత్తకుండా గీసినట్టు గాలిలో గీసింది. చెవి దగ్గరొక మెలిక, గడ్డం దగ్గరొక మెలిక, పిలకకు కాస్త కొబ్బరిపీచు. నుదుటి మీద నామం దిద్ది, తీగను వెనక్కి మళ్లించి, లోపలినుంచి తెచ్చి ముక్కు మొదలుపెట్టింది. నామం నడుమ ఎర్రగీతకు మాత్రం పాత రేడియోలోని రాగితీగ ముక్క. దాన్ని దారంతో పడసాల దూలానికి వేలాడదీసి చూస్తే అచ్చం మామగారే, చిరాకులో ఎగరేసే ఆ ఎడమ కనుబొమతో సహా! తన పనికి తనే మురిసిపోయింది.

ఆ మురిపెం ఎంతోసేపు నిలవలేదు. తోడు మజ్జిగ కోసం వచ్చిన పక్కింటి గోదాదేవి గడపలోనే ఆగిపోయి బుగ్గలు నొక్కుకుంది.

"ఏం పని చేసినావే పద్మాక్షీ! మీ మామకు పాదం పెట్టేసినావు గదే! మనిషిని తెంగల చేసేసినావు!"

పద్మాక్షి తలెత్తి చూసింది. ఎదురుగా నిలబడితే ముక్కు సరిగ్గా నామం అడుగునుంచే దిగుతోంది. తను వంచిన తీగే అయినా, గోదాదేవి మాట విన్నాక పాదం తప్ప ఇంకేమీ కనిపించలేదు.

"తీసెయ్యవే తల్లీ, ఆయన చూస్తే ఇంకేమన్నా ఉండాదా!" అంటూ గోదాదేవి తోడు మాటే మరిచి వెళ్లిపోయింది.

ముక్కు తెంపితే మొహమంతా విడిపోతుంది. విప్పి దాచేద్దామని స్టూలెక్కి ముడి పట్టుకుందో లేదో, వీధిలో జట్కా ఆగింది. సంచీతో లోపలికొచ్చిన మామగారు స్టూలు మీది కోడలినీ, గాలిలో వేలాడుతున్న తన మొహాన్నీ మార్చి మార్చి చూశారు.

"ఇది నేనేనా?"

"మీరే మామయ్యా."

"నాకు పాదం ఎప్పుడు మొలిచిందమ్మా?"

అంతే, ఉద్యోగం చేతికి రాకముందే పోయిందనుకుంది పద్మాక్షి. క్షమించమని అడగబోయింది. భయంతో పట్టు వదిలేసిన దారం వీధిగాలికి మెల్లగా మెలి తిరిగింది, దాంతోపాటే తీగమొహమూ పక్కకు తిరిగింది. పక్కనుంచి చూస్తే నామం నుదుటి మీద గుండ్రంగా ఆగి ఉంది. ముక్కు వేలెడు వెనకనుంచి వేరుగా మొదలైంది. నడుమ ఉన్నది ఖాళీయే.

ఆచార్యులు దగ్గరికొచ్చి వేలితో ఎదురుగా తిప్పారు. పాదం వచ్చింది. పక్కకు తిప్పారు. పోయింది. గిలక్కాయ దొరికిన పసివాడిలా మళ్లీ మళ్లీ తిప్పారు. ఉన్నట్టుండి పగలబడి నవ్వారు. కాపురానికొచ్చాక ఆయన నవ్వు వినడం పద్మాక్షికి అదే మొదలు.

"ఇదేందమ్మా, నిలబడే తావు మారితే నామమే మారిపోతా ఉండాది! నేనేమో పొద్దున చిత్తూరులో ఈ పాదం కోసమే కొట్లాడి, విస్తరి ముందునుంచి లేచి వచ్చేస్తిని. ఆకలి దంచేస్తా ఉండాది. దిగు, అన్నం పెట్టు."

పద్మాక్షికి పోయిన ప్రాణం తిరిగొచ్చింది. స్టూలు దిగి గబగబా వడ్డించింది. రెండు ముద్దలు తిన్నాక ఆయన తలెత్తకుండానే అడిగారు.

"సోమవారం బస్సు ఎన్నింటికి?"

"ఏడింటికి మామయ్యా."

"అంత పొద్దున ఒక్కదానివే యాడ నిలబడతావు? నేనొచ్చి ఎక్కిస్తాలే."

పద్మాక్షి పప్పన్నంలో నెయ్యి పోస్తూ పోస్తూ ఆపడం మరిచిపోయింది.