ఇంజనునకు గుగ్గిలము

ఆశ్వయుజ మాసావసానమున వర్షధారాధౌతమైన గగనతలమున బాలభానుబింబము పొడకట్టునప్పటికే ఉత్తుంగతరంగఘోషముఖరితమైన కళింగసాగరతీరమునందలి దిబ్బపాలెమను పల్లెకారుల గ్రామము మేల్కాంచి చాలసేపయ్యెను. వలలు పడవలకెక్కెను. పడవలు పెక్కు ఒండొంటిని త్రోసికొనుచు అలలు దాటిపోయెను. ఆగ్నేయదిక్కున మాత్రము నీలమేఘఖండమొకటి కదలక మెదలక నిలిచియుండెను. చేతిఫోనులు ఇంకను ఆ తీరము నెఱుగని దినములవి. అలలు దాటినవానికిని ఒడ్డుననున్నవానికిని నడుమ కేక తప్ప వేఱొక దూత లేకుండెను.

ఆ పల్లెలో గురవయ్య యనువాడు పడవపలకల సందులలో పత్తి కూరి నూనెతో కాచిన గుగ్గిలము పోసి నీటిచుక్క చొరకుండ బిగించుటయందు అసమానుడు. అది ఉత్తపొగడ్త గాదు, పచ్చినిజము. తెడ్లపడవలకు చిన్న పెట్రోలు ఇంజనులు తగిలించుకొను కాలము వచ్చినపిమ్మట ఆయన వానిని విప్పుటయు బిగించుటయు సైతము చూచి చూచి నేర్చెను. చూచి నేర్చిన విద్యకొక చిక్కు కలదు సుమా! కన్ను చూచినంత మేరకే చేయి నేర్చును. కంటికి కనబడని కారణమును ఎవ్వరు నేర్పుదురు?

ఆ ఉదయమున ఆయన తమ్ముడు పోలిరాజు ఇంజనులో బేరింగు అరిగి గరగరమని మొఱపెట్టుచుండగా గురవయ్య దానిని విప్పి క్రొత్తది వేసి క్రాంకు కేసను లోహపుపెట్టె రెండు చెక్కలను మరల అతుకవలసి వచ్చెను. ఇట్టి చిన్న ఇంజనునకు క్రాంకు కేసే ఊపిరితిత్తి. గాలియు పెట్రోలును కలిసి మొదట అందులో చొచ్చి పిదప పైకెక్కి మండును. ఆ అతుకున వెండ్రుకవాసి సందున్నను దొంగగాలి దూరి ఇంజను వేడెక్కి ఊపిరి విడుచును. అంతవఱకు గురవయ్యయు ఎఱిగినదే. అందులకై పెట్రోలునకు కరగని బంకను పట్టణమున గొట్టములలో అమ్ముదురు.

"అన్నియ్యా, టౌనుకెళ్లి ఆ బంక గొట్టం తెచ్చేద్నా?" అని పోలిరాజు అడిగెను.

"ఎందుకురా? సముద్రాన్నే ఆపిన గుగ్గిలం, ఇంత గాలిని ఆపలేదేటి?" అని గురవయ్య నవ్వెను.

తమ్ముడును నవ్వి మరలు అందిచ్చెను. అన్న మాటకు ఎదురాడుట ఆ యింట లేదు.

గురవయ్య కాచిన గుగ్గిలమును అతుకు వెంబడి దళసరిగా పూసి చెక్కలు రెండును కలిపి ఒకమూల మరయు దానికెదురుమూల మరయు మార్చి మార్చి బిగించెను. వెలికుబికిన గుగ్గిలమును గీకి పాఱవైచెను. నీటితొట్టిలో నిలిపి త్రాడు లాగినంతనే ఇంజను ఖంగుమని పలికెను. పొరుగువాడు లచ్చయ్య చూచి మురిసిపోయి తన ఇంజను ముక్కలను గోనెపట్టపై పఱచి "మావా, నాదానికీ ఇదే పెట్టీ" అని బ్రతిమాలెను. పోలిరాజు, తోడు రావలసినవానికి జ్వరము తగులుటచే, ఒంటిగానే పడవనెక్కి వంజరపు చేపల వేటకు సాగిపోయెను.

తమ్ముని పడవ నల్లని చుక్కయై కనుమఱుగైన పిదప గురవయ్య చేతుల జిగురు వదల్చుకొనదలచెను. పడవపని నాడు నూనె రాచుకొనుట ఆయన వాడుక. ఆనాడు నూనె అయిపోవుటచే డబ్బా అడుగున మిగిలిన పెట్రోలును గుగ్గిలపు చిప్పలోనే వంచి అందు వ్రేళ్లు ముంచెను. గట్టిపడిన గుగ్గిలము నీటిలో బెల్లమువలె కరగిపోయెను.

గురవయ్య చిప్పను విసరివైచి లేచెను. అయ్యో! పడవపలకకు తగులునది ఉప్పునీరు, ఈ ఇంజను గర్భమున నిరంతరము తిరుగునది పెట్రోలు గదా! "నా తమ్ముణ్ణి నానే సంపేసినాను" అని ఆయన పెనుగేక పెట్టెను. కేక పోయి అలలలో కలిసెను.

మేఘము అంతలో సగము మిన్ను నాక్రమించెను. ఒడ్డున ఇంజనున్న పడవ లేదు. లచ్చయ్యదా, ముక్కలై పడియున్నది. గాలివాన భయమే యనుకొని లచ్చయ్యయు తోడురాగా ఇరువురును తెడ్లపడవ నొకదానిని నీటిలోనికి నెట్టిరి. అల దానిని తిరుగవిసరెను. మరల నెట్టిరి. మరల విసరెను. మూడవమాఱు తెడ్డు విఱిగి గురవయ్య ఇసుకపై బోరగిలపడెను. చేతులు కాలిన పిదప ఆకులకైన తావు లేకపోయెను.

పోలిరాజు భార్య దానమ్మ చల్దియన్నము తినుమని బావగారిని పిలువవచ్చి "బయమేటి బావా, నీ సెయ్యి పడిన ఇంజను. వచ్చేత్తాడులే" అనెను. అభాగ్యుడు ఆ మాట మింగలేక కక్కలేక తలవంచుకొని నిజము చెప్పివైచెను. ఆమె తిట్టలేదు. తిట్టియున్న బాగుండెడిది. ఆమె మోకాళ్లపై కూలబడి సముద్రమునే చూచుచుండెను, గురవయ్య ఆమె ముఖము చూడజాలక వానలో తడియుచు నిలిచెను. చేయుటకు ఏ పనియు లేకుండుటకన్న పెద్దశిక్ష పనివానికి లేదు.

ప్రొద్దు వాలువేళ ఆగ్నేయపుగాలి తఱుముకొనివచ్చిన పడవ యొకటి పల్లెకు దిగువను ఒడ్డు తాకెను. పోలిరాజు ఒక్క తెడ్డుతో వచ్చెను. అఱచేతుల తోలు ఊడి నెత్తురు కాఱుచుండెను. దానమ్మ వానిని కౌగిలించుకొని వెక్కి వెక్కి ఏడ్చెను. పల్లె యంతయు గుమిగూడి ఏమైనదని అడిగెను.

"పెట్రోలు కల్తీ! ఇంజను మా అన్నియ్య బంగారంనాగ కట్టినాడు" అని పోలిరాజు బిగ్గఱగా పలికి అన్న చెవికడ వంగి "అతుకులోంచి జిగురు కారతంటే సూసినాను. నోరు మూసుకో. తప్పని తెలిత్తే రేపు నిన్ను పనికి ఎవులు పిలుత్తారు?" అని గొణిగెను.

మృత్యుముఖమున తెడ్డువేయుచు వాడు ఆలోచించినది ఇదియా! చంపబోయినవాని పరువునకు చావబోయినవాడు కాపు కాయుచుండ గురవయ్య ఏమి చేయగలడు? కాదనిన తమ్ముడు నలుగురిలో అబద్ధీకుడగును. ఔననిన—

"అయితే మావా, రేపు పొద్దున్నే నాదానికి ఆ గుగ్గిలమే పెట్టేద్దుము" అని లచ్చయ్య సంబరముగా ననెను.

గురవయ్య తమ్ముని నెత్తుటిచేతులను తన చేతులలోనికి తీసికొని అందఱు వినునట్లు "పెట్రోలు మంచిదే. గుగ్గిలం పెట్టి సెడగొట్టినాను. టౌనుకెళ్లి తెలిసినోడిసేత కట్టించుకో లచ్చయ్యా. నాకు ఇంజను తెల్దు" అని పలికెను.

పోలిరాజు "ఎందుకన్నావన్నియ్యా" అని చిన్నపిల్లవానివలె ఏడ్చెను. సముద్రమున రాని కన్నీరు వానికి ఒడ్డున వచ్చెను.