మలుపు తిరగని బల్ల

ఆర్లెన్ హోల్టే తన భార్యకు భోజనాల బల్ల చేసిస్తానని మాటిచ్చి ఆ మే నెలకు సరిగ్గా ఎనిమిదేళ్ళు. మాట తప్పే మనిషి కాదు పాపం. కాగితం మిల్లులో యంత్రాలు బాగుచేసే పనికి ముప్పై ఏళ్ళలో ఒక్కరోజు కూడా ఆలస్యంగా వెళ్ళి ఎరగడు. కానీ శనివారం పొద్దున ఏడింటికి కాఫీ కప్పు పట్టుకుని నేలమాళిగ మెట్లు దిగాడంటే మాత్రం అతనికి గడియారంతో పొత్తు తెగిపోయేది.

భోజనాల బల్ల చెయ్యాలంటే ముందు పని చేసుకోవడానికి ఒక గట్టి బల్ల కావాలి. దానికే ఏడాదిన్నర పట్టింది. అది తయారయ్యాక ఉలులు చెల్లాచెదురుగా పడి ఉండటం చూడలేక వాటికో అల్మారా చేశాడు. తర్వాత చెక్కలు బిగించే క్లాంపులు తగిలించడానికి గోడకో చట్రం. తర్వాత రంపం పొట్టు పీల్చే యంత్రానికి చక్రాల బండి. ఆ బండి వంకరగా వచ్చిందని మళ్ళీ ఇంకో బండి. సెలవు రోజుల్లో కలప పని చేసేవాళ్ళకు ఊరూరా ఉండే జబ్బే ఇది. మూడు వీధుల అవతల, తన గ్యారేజీలో అదే జబ్బుతో తీసుకుంటున్న స్నేహితుడు డ్వేన్ ఒకసారి ఆ నేలమాళిగంతా కలయజూసి, "మన దగ్గరున్న సామానంతా సామాను చేసే సామానేరా. ఇంట్లోకి పనికొచ్చేది ఒక్కటుంటే ఒట్టు" అన్నాడు. ఇద్దరూ కడుపు పట్టుకుని నవ్వారు.

పైన ఇల్లు పైనే నడిచేది. వంటగది సరిగ్గా ఆర్లెన్ నెత్తి మీద. భోజనానికి పిలవాలంటే భార్య నోరీన్ మడమతో నేల మీద తన్నేది. మొదట్లో మూడుసార్లు తన్నేది, ఆగి మళ్ళీ మూడుసార్లు. అతను "వస్తున్నా" అని కింద నుంచి కేక పెట్టేవాడు, రంపం హోరులో అది ఎవరికీ వినపడేది కాదు. కొన్నేళ్ళకు మూడు కాస్తా ఒకటైంది. తర్వాత తన్నడం మానేసి, అతని ప్లేటు మీద రేకు కప్పి ఓవెన్‌లో పెట్టి వెళ్ళిపోవడం మొదలుపెట్టింది. ఆర్లెన్ అది గమనించలేదని కాదు. గమనించి, పోనీలే, నా పని నన్ను చేసుకోనిస్తోంది, మంచి భార్య అనుకున్నాడు.

అతను ఏ పిలుపుకైనా చెప్పే జవాబు ఒకటే, "జిగురు పూశాను." అది అబద్ధం కాదు. జిగురు పూశాక పది నిమిషాల్లో చెక్కలు కలిపి బిగించకపోతే అంతా పాడు. ఆ పది నిమిషాల్లో ఇల్లు తగలబడినా కదలకూడదు. అయితే జిగురు ఎప్పుడు పూయాలన్నది మాత్రం అతని చేతిలోనే ఉండేది. కూతురు బ్రిట్టా ఈత పోటీలకు బయలుదేరే వేళకే అతను సీసా మూత ఎందుకు తీసేవాడో ఆ పై వాడికే తెలియాలి. బ్రిట్టా పన్నెండేళ్ళప్పుడే తండ్రిని అనుకరించడం నేర్చింది. వాళ్ళమ్మ గిన్నెలు కడగమంటే రెండు చేతులూ గాల్లోకెత్తి, బొంగురు గొంతుతో "జిగురు పూశాను" అనేది. తల్లీకూతుళ్ళు విరగబడి నవ్వేవారు. ఆ నవ్వు నేల సందుల్లోంచి ఆర్లెన్‌కు వినిపించేది. దేనికి నవ్వుతున్నారో తెలిసేది కాదు. వెళ్ళి అడగాలనిపించేది, కానీ మెట్లెక్కేసరికి నవ్వు ఆగిపోతుందని అతనికెందుకో భయం.

ఒంటరిగా ఉన్నానని అతను ఎవరితోనూ అనలేదు. పై అంతస్తులో ఇద్దరు మనుషులుండగా ఆ మాట అనడానికి మొహం చెల్లదు. కానీ శనివారం మధ్యాహ్నాలు యంత్రం ఆపేశాక ఆ నిశ్శబ్దంలో పైన అడుగుల చప్పుడు వినపడేది. అప్పుడు చిత్రిక తీసుకుని దేన్నో ఒకదాన్ని నున్నగా చెయ్యడం మొదలుపెట్టేవాడు. ఇదంతా వాళ్ళ కోసమే కదా అని తనకు తాను చెప్పుకునేవాడు. బల్ల అయిపోనీ, పైకెక్కనీ. అప్పుడు దాని కొసన తన కుర్చీ ఉంటుంది, ఒక పక్క నోరీన్, ఇంకో పక్క బ్రిట్టా. పోయిన భోజనాలన్నిటికీ అదే పరిహారం.

ఆ వసంతంలో బ్రిట్టా హైస్కూలు చదువు పూర్తవుతోంది. జూన్ మొదటి ఆదివారం చుట్టాలనూ చర్చి వాళ్ళనూ పిలిచి విందు పెట్టాలి. మార్చిలోనే నోరీన్ నేలమాళిగ మెట్ల సగం దాకా దిగి నిలబడింది. అంతకన్నా కిందికి ఆమె వచ్చి చాలా కాలమైంది, పొట్టుకు దగ్గొస్తుంది.

"ఆర్లెన్, విందులో తిండి ఆ బల్ల మీద పెడదామా, వద్దా? నిజం చెప్పు. నేనేం అనుకోను."

"పెడదాం. శనివారానికల్లా పైనుంటుంది."

"ఏ శనివారం?"

"విందు ముందు శనివారం. మాటంటే మాటే."

నోరీన్ "సరే" అని పైకెళ్ళిపోయింది. ఆ "సరే"లో ఏముందో ఆర్లెన్ ఆలోచించలేదు. ఆలోచించి ఉంటే బాగుండేది.

అప్పట్నుంచి అతను నిజంగానే పని చేశాడు. ఇంకో పెట్టె లేదు, ఇంకో బండి లేదు. పైపలకకు ఓక్ చెక్కలు, ఒక్క ముడి లేకుండా ఏరినవి. కాళ్ళూ వాటిని కలిపే పొడుగాటి అడ్డకొయ్యలూ అన్నీ పాత పద్ధతిలో: ఒక కొయ్య కొసను ఇంకో కొయ్యలో తొలిచిన బెజ్జంలోకి దించి, జిగురు పెట్టి, పైనుంచి చెక్క సీల కొట్టేయడమే. ఇనుప బోల్టు అన్నది ఎక్కడా లేదు. బోల్టులు పెడితే విప్పుకోవచ్చు కదరా అని డ్వేన్ అంటే, "విప్పుకునేది బల్ల కాదు, డేరా" అన్నాడు. కాళ్ళ చట్రం బిగించిన రోజు దాని మీదెక్కి నిలబడి ఊగి చూశాడు. కిర్రుమనలేదు. అంత గర్వం అతనికి పెళ్ళినాడు కూడా లేదు.

విందు ముందు శనివారం పొద్దున డ్వేన్ సాయం వచ్చాడు. పైపలక విడిగా ఉంది, దాన్ని తర్వాత తెద్దామని ముందు కాళ్ళ చట్రం పట్టారు. ఆరున్నర అడుగుల పొడవు, దాదాపు మూడడుగుల వెడల్పు, దూడంత బరువు. ఏడు మెట్లు ఎక్కారు. అక్కడ చిన్న చదును, చదునుకు ఎదురుగా గోడ, ఎడమకు తిరిగి ఇంకో నాలుగు మెట్లెక్కితే వంటగది.

తిరగలేదు.

పక్కకు పడుకోబెట్టారు. ఒక కాలు గోడకు తగిలింది. నిలువుగా ఎత్తారు. పైకప్పు తగిలింది. తలకిందులుగా తిప్పారు. డ్వేన్ చెయ్యి చట్రానికీ గోడకూ మధ్య ఇరుక్కుని నాలుగు బూతులు రాలాయి. మెట్లెక్కేటప్పుడు పట్టుకునే చెక్క పీకేశారు. ఒకసారి చట్రం చదునులో అడ్డంగా ఇరుక్కుపోయి, డ్వేన్ వంటగది వైపూ ఆర్లెన్ నేలమాళిగ వైపూ ఉండిపోయారు. ముప్పావు గంట తర్వాత చట్రం మళ్ళీ కిందికొచ్చి, బయలుదేరిన చోటే నిలబడింది.

డ్వేన్ మెట్టు మీద కూలబడి చెమట తుడుచుకున్నాడు. "నువ్వు కొలవలేదట్రా?"

ఆ మెట్లను ఆర్లెన్ కొలవకపోవడమేమిటి? పెద్ద రంపం దింపిన రోజు కొలిచాడు. పని బల్ల పలక దింపిన రోజు కొలిచాడు. ఓక్ చెక్కలు దింపిన రోజు కొలిచాడు. నిద్రలో లేపి అడిగినా ఆ మలుపు ఎన్ని అంగుళాలో చెప్పగలడు.

"పైపలక ఒక్కటీ పట్టుకెళ్దాం" అన్నాడు డ్వేన్. "చెక్కలు కోసేటప్పుడు కింద పెట్టే ఆ రెండు కొయ్య గుర్రాల మీద పెట్టి బట్ట పరిస్తే ఎవడికి తెలుస్తుంది?"

"ఎనిమిదేళ్ళు చేసి గుర్రాల మీద పెట్టాలా?"

"అయితే కాళ్ళు కోసెయ్. నా దగ్గర మంచి రంపముంది."

"నోర్ముయ్ డ్వేన్."

డ్వేన్ నోరు మూసుకుని, ఆర్లెన్ భుజం మీద ఒక చెయ్యి వేసి, ఇంటికెళ్ళిపోయాడు. ఆర్లెన్ మెట్లెక్కాడు. నోరీన్ వంటగదిలో విందుకోసం బంగాళాదుంపలు తొక్క తీస్తోంది. ముప్పావు గంట సేపు ఆ గుద్దుళ్ళూ ఆ బూతులూ విన్న మనిషికి చెప్పడానికేముంటుంది? అయినా చెప్పాడు. మలుపు దగ్గర తిరగడం లేదన్నాడు. రెండు శనివారాలిస్తే కాళ్ళు కోసి, బోల్టులు పెట్టి, మళ్ళీ బిగిస్తానన్నాడు. ఆమె అరుస్తుందేమోనని ఎదురుచూశాడు. అరిస్తే బాగుండుననీ అనుకున్నాడు.

నోరీన్ చేతులు తుడుచుకుని, "ఇటు రా" అని గ్యారేజీ తలుపు తీసింది.

గోడకానించి ఆరు మడత బల్లలు, చర్చివి. పక్కన మడత కుర్చీలు దొంతరగా. పైన నీలం బట్టలు, బల్లల కొలతకు కత్తిరించి, అంచులు కుట్టి, ఇస్త్రీ చేసి ఉన్నాయి.

"ఎప్పుడు తెచ్చావు?"

"చెప్పి పెట్టింది మార్చిలో. మొన్న గురువారం తెచ్చాం, నేనూ బ్రిట్టా."

మార్చి అంటే, ఆ మెట్ల మీద నిలబడి "సరే" అన్న నెలే. ఆమె అతని మాట నమ్మలేదు. నమ్మలేదని కోపం కూడా తెచ్చుకోలేదు. వాన రావచ్చు కాబట్టి గొడుగు తీసుకెళ్ళినట్టు, అంతే.

"ఒకటి అడుగుతాను, ఏమీ అనుకోకు" అంది నోరీన్. "ఏది కిందికి దించాలన్నా ఆ మెట్లు కొలిచేవాడివి. దీనికి ఎందుకు కొలవలేదు?"

"తట్టలేదు."

"తట్టలేదు" అని ఆమె తలాడించింది. "అది పైకొచ్చే రోజు ఉంటుందని నువ్వూ అనుకోలేదన్నమాట. నమ్మనిది నేనొక్కదాన్నే అనుకున్నా."

ఆమె తిరిగి బంగాళాదుంపల దగ్గరకు వెళ్ళిపోయింది. ఆర్లెన్ గ్యారేజీలో నిలబడిపోయాడు. అతను ఆ బల్లను ఎన్నోసార్లు ఊహించుకున్నాడు. దాని మీద చెయ్యి వేసి నడవడం, దాని అంచు నిమరడం, అన్నీ. కానీ ఆ ఊహల్లో, చెరో పక్కా నోరీన్, బ్రిట్టా కూర్చున్న ఊహలో కూడా, బల్ల ఎప్పుడూ నేలమాళిగ దీపం కిందే ఉండేది.

ఆదివారం నలభై మంది దాకా వచ్చారు. ఎండ బాగుంది. పంది మాంసం పెట్టిన రొట్టెలు, బంగాళాదుంప సలాడ్, చీజ్ ముక్కలు, ఆడవాళ్ళు ఇళ్ళ నుంచి తెచ్చిన తియ్యటి బిళ్ళలు, బ్రిట్టా పేరు రాసిన కేకు. నీలం బట్టల కింద చర్చి బల్లలు ఎవరికీ కనపడలేదు. ఎవరూ భోజనాల బల్ల ఊసెత్తలేదు. ఆర్లెన్ వచ్చినవాళ్ళందరికీ చేతులు కలిపాడు, ఐస్ మోశాడు, చెత్త సంచులు మార్చాడు. పది గంటల నుంచి ఒక్కసారి కూడా కిందికి పోలేదు. పోకూడదని పొద్దున్నే ఒట్టేసుకున్నాడు.

రెండింటికి ప్లేటు నింపుకుని ఆరుబయట బల్లల దగ్గరకు వచ్చాడు. బ్రిట్టా మధ్య బల్ల దగ్గర కూర్చుని ఉంది, పక్కన నోరీన్ పెద్దమ్మ మార్జ్, ఇంకా మిల్లు వీధి వాళ్ళు. అతను కూతురి వెనక నిలబడి తినడం మొదలుపెట్టాడు. రొట్టె బాగుంది. బ్రిట్టా ఏదో ఈత పోటీలో కళ్ళద్దాలు ఊడిపోయిన కథ చెబుతోంది. బల్లంతా నవ్వుతోంది. అతనూ నవ్వాడు, మొట్టమొదటిసారి ఆ కథ వింటూ.

మార్జ్ మెడ తిప్పి చూసింది. "మీ నాన్న నిలబడే తింటున్నాడేంటే బ్రిట్టా? ఒక కుర్చీ ఇటు లాగు."

"వద్దులే అమ్మమ్మా" అంది బ్రిట్టా. గొంతులో వెటకారం లేదు, నిష్ఠూరం లేదు. ఎవరికి చక్కెర పడదో, ఎవరికి పాలు పడవో చెప్పినట్టు చెప్పింది. "నాన్న కూర్చోడు. రెండు ముద్దలు తిని కిందికెళ్ళిపోతాడు."

ఆర్లెన్ నోట్లోది మింగాడు. "లేదమ్మా" అన్నాడు. "ఇవాళ కూర్చుంటా. నాకూ ఒక కుర్చీ వెయ్యి."

బ్రిట్టా వెనక్కి తిరిగి తండ్రిని ఆశ్చర్యంగా చూసింది. తర్వాత చుట్టూ చూసింది. కుర్చీలన్నీ నిండి ఉన్నాయి. లెక్క పెట్టి తెచ్చినవి, వచ్చేవాళ్ళకు సరిపడా తెచ్చినవి. తల్లి వైపు చూసింది. అవతలి బల్ల దగ్గర నోరీన్ చేతిలో కాఫీ జగ్గుతో ఆగిపోయింది. ఆమె మొహం చూస్తే తెలిసిపోతోంది, లెక్కలో ఎవరు తప్పిపోయారో ఆమెకూ ఇప్పుడే తట్టింది.

"నాది తీసుకో నాన్నా" అని బ్రిట్టా చటుక్కున లేచింది. "నాదెలాగూ అయిపోయింది. ఫ్రెండ్స్ కూడా పిలుస్తున్నారు."

"నువ్వుండు, నువ్వూ ఉండు" అన్నాడతను, కానీ అప్పటికే ఆమె కుర్చీ అతని వైపు తిప్పి, భుజం తట్టి, గడ్డి దాటి వెళ్ళిపోయింది. స్నేహితుల గుంపులో ఎవరో ఏదో అన్నారు, ఆమె తల వెనక్కి వాల్చి నవ్వింది. ఆర్లెన్ కూర్చున్నాడు. కుర్చీ ఇంకా వెచ్చగానే ఉంది. అతనికి కావలసింది ఆ కుర్చీ కాదు, బ్రిట్టా అందులో కూర్చుని ఉండగా దాని పక్కది. మార్జ్ అతని ప్లేటులోకి ఇంకొంచెం సలాడ్ వేసింది. అతను ఒక్క ముక్క మిగల్చకుండా అంతా తిన్నాడు.