సొన్నమ్మ లాటు

పదేళ్లకు పైగా వెబ్‌సైట్లు చేస్తున్నదాన్ని. జావాస్క్రిప్ట్ మొదటి నుంచి నేర్చుకోమని నందీశ్ చెప్పేసరికి నాకు ఒళ్లు మండింది. మా ఆఫీసులో నిన్నగాక మొన్న చేరినవాడు. బంగారు గనుల కాలనీ కోరమండల్‌లో మా ఇంటికొచ్చి, నా కాఫీ తాగి, నేను రాసిన కోడ్‌కే వంకలు పెట్టాడు.

అది పట్టుగూళ్ల వేలం కోసం రైతు సంఘం నా చేత చేయించుకున్న పేజీ. పాట ధర గిట్టకపోతే రైతు వద్దనవచ్చు, అది మా మార్కెట్ పద్ధతి. ఫోన్‌లో ‘వద్దు’ నొక్కితే ఆ లాటు, అంటే ఆ రైతు గూళ్ల రాశి, మళ్లీ పాటకు వస్తుంది; నొక్కకపోతే ఒప్పుకున్నట్టే. ఒక లాటును కాపీ చేసి, పేరూ తూకమూ మార్చి పక్క లాటు తయారు చేసేలా రాశాను.

"కాపీ పైపైనే అయినాది అక్కా. లోపల ఒప్పుకున్నారా లేదా అన్నది రెండు లాట్లకీ ఒకటే ఉండాది. ఒకటి మారితే రెండోదీ మారతాది" అన్నాడు నందీశ్. పని చేస్తోంది కదా, నీ పని చూసుకో పో అన్నాను.

సోమవారం బచ్చప్ప అనే రైతు తన గూళ్లకొచ్చిన ధర వద్దన్నాడు. ఆ పక్కనే కామసముద్రం సొన్నమ్మ లాటు. ఆమె ధరకు ఒప్పుకుంది. అయినా మార్కెట్లో వేలాడే పెద్ద తెర మీద ఆమె లాటుకూ ‘వద్దు’ పడింది. అది చూసి కొనేవాడు వేరే గూళ్లు ఎత్తుకుని వెళ్లిపోయాడు. రెండో పాటకు ఎవరూ రాలేదు. తెల్లారేసరికి లోపలి పురుగులు రెక్కలొచ్చి గూళ్లు తొలుచుకుని బయటికొచ్చేశాయి. ఇక అవి దారం తీయడానికి పనికిరావు.

చదువు రాని మనిషి, తప్పు నొక్కి ఉంటుందని సంఘంలో అన్నారు. అవునని నేనే ముందు తలూపాను.

"నేను యాడ నొక్కినానమ్మా? ఫోను సంచిలోనే ఉండాది" అంది సొన్నమ్మ.

ఆ మాట మింగుడు పడలేదు. పళ్లు నూరుకుంటూనే జావాస్క్రిప్ట్ పుస్తకం మొదటి పేజీ నుంచి చదివాను. నందీశ్ చెప్పిన చోటే తప్పు దొరికింది. వాడొక్కసారి దెప్పి ఉంటే నాలుగు తిట్టి మనసు తేలిక చేసుకునేదాన్ని. ఆ అవకాశం కూడా ఇవ్వలేదు వెధవ.

పేజీ సరిచేసి, మార్కెట్లో అందరి ముందూ తప్పు నాదేనని చెప్పాను. సిగ్గుతో తల ఎత్తలేకపోయాను. సొన్నమ్మ నన్ను ఎగాదిగా చూసింది.

"బచ్చప్ప వద్దంటే నా గూళ్లు పోయినాయి. ఇంగ నా లాటు దాంట్లో ఎక్కించొద్దు. నా మాట నేనే చెప్పుకుంటా."

ఇప్పుడు నా పేజీలో ఏ తప్పూ లేదు. సొన్నమ్మ మాత్రం ఆ తెర కిందే నిలబడి, గొంతెత్తి, తన ధర తానే ఒప్పుకుంటోంది.